కల్లు మానిన నాలుగో రోజు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు నిండి నాలుగు నెలలైన శ్రావణంలో, మా తాతయ్య కల్లు మానేశాడు. ఏటా ఆ నెల మాంసం ఒక్కటే మానేవాడు. ఆ ఏడు పట్టుదల కొద్దీ రెండూ మానేశాడు. మూడో రోజుకు చేతులు వణికాయి. నాలుగో రోజు గోడ మీద లేని చీమలను దులపసాగాడు. గాలి సోకిందని మా అవ్వ దిష్టి తీసింది. తగ్గలేదు. మా ఊరు యాలాల్ నుంచి బండి కట్టించుకుని తాండూరు ఆసుపత్రికి తీసుకువెళ్లాం.

డాక్టరు అడిగితే అవ్వ "జొరం సారూ" అంది. జ్వరానికే సూది వేశారు. సాయంత్రానికి తాతయ్యను మంచానికి కట్టేయాల్సి వచ్చింది.

మాకు తోడు వచ్చిన పక్కింటి అక్క ఇక ఆగలేకపోయింది. "జొరం గాదు సారూ. రోజూ కల్లు తాగెటోడు, బంద్ జేసి నాలుగు దినాలాయె."

డాక్టరు మందు మార్చాడు. రెండో రోజుకు తాతయ్య నన్ను గుర్తుపట్టాడు. అవ్వ మాత్రం "మా ఇజ్జత్ తీసినవ్ గదనే" అని అక్కకు ముఖం చాటేసింది. అక్క పెళ్లయి వెళ్లేదాకా, నాలుగేళ్లు, ఆ ఇంటితో మాకు మాటల్లేవు.

ఈ మధ్య, నేను ముసలిదాన్నయ్యాక, నా కొడుకును మేముండే మోమిన్‌పేట నుంచి వికారాబాద్ ఆసుపత్రికి తెచ్చాం. సీసా ముట్టక మూడు రోజులు. సర్కారు ఆరోగ్య కార్డు చూసే బల్ల దగ్గర నా కోడలు "కడుపునొప్పి అని రాయుండ్రి" అంది. బల్ల పట్టుకుని నిలబడ్డ కొడుకు చేతులతో పాటు కాగితాలూ వణికాయి.

"ఏం రాస్తే గా వైద్యమే జేస్తరు, కార్డు గూడ దానికే చెల్లుతది. మంచిగ చెప్పు అవ్వా," అంది రాసుకునే అమ్మాయి.

"మందు తాగుతడు బిడ్డా. పంతొమ్మిదేండ్లాయె. బంద్ జేసి మూడు దినాలు," అన్నాను నేను.

"ఇగ ఊరంత డప్పు కొట్టియ్యి," అన్నాడు కొడుకు.

"కొట్టిస్త. ముందుగాల లోపలికి నడువు."

పదకొండు రోజులు వార్డులో ఉంచారు. వైద్యమంతా కార్డు మీదే జరిగింది. నాకు సంతోషమూ కలగలేదు, ఏడుపూ రాలేదు.

ఇంటికి వచ్చి నేటికి ఇరవై ఆరు రోజులు. కొడుకు నాతో మాట్లాడడు. ఎనిమిదింటికి జొన్నరొట్టె పెడతాను, తింటాడు. చేయి వణకడం లేదు.

ఆ నాలుగేళ్లూ పక్కింటి అక్క మా వాకిలి ముందు నుంచే నీళ్లకు వెళ్లేది. ఎప్పుడూ దారి మార్చుకోలేదు, తప్పయిందనీ అనలేదు. నేనూ అంతే, రెండో రొట్టె వేసి, కొడుకు పలకరిస్తాడేమోనని చూడకుండా పొయ్యి దగ్గరికి వెళ్లిపోతాను.