మామ్మ చేతికందే పెట్టె

తుంటి విరిగాక మా మామ్మ బస్సెక్కడం మానేసింది. కూర్చుంటే నొప్పి, పడుకుంటేనే సుఖం. పెనుగొండ అమ్మవారిని ఇంకోసారి చూడాలని మాత్రం మంచం మీంచే అడుగుతూ ఉండేది. నేను ఇంటర్ పరీక్షలు రాసిన వేసవిలో నాన్న, ధాన్యం మోసే మా ట్రాక్టరు ట్రక్కునే ఇల్లుగా మార్చేశారు. ఇనప చువ్వలు వంచి గూడులా నిలబెట్టి, పైన టార్పాలిన్ కప్పించారు. లోపల గడ్డి, దాని మీద బూరుగుదూది పరుపు.

"మరి వంట సామాను ఎక్కడ పెడతారండీ? అత్తయ్యగారి కాళ్ళ దగ్గరా?" అంది అమ్మ.

ట్రక్కుకీ ట్రాక్టరుకీ మధ్య, కొక్కెం ఉండే ఇనప కమ్మీల మీద కాస్త ఖాళీ ఉంది. అక్కడ రేకు పెట్టె బిగిద్దామన్నారు నాన్న. మండపేట వెల్డింగ్ షాపుకి వెళ్ళేముందు, టీవీ కొన్నప్పటి అట్టపెట్టెను అక్కడ తాళ్ళతో కట్టి, కళ్ళంలో ట్రాక్టరు తిప్పి చూశారు. మలుపు తిరగ్గానే పెద్ద చక్రం వచ్చి అట్టపెట్టె మూలను నలిపేసింది. అమ్మ నవ్వాపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తనే కూరల కత్తి తెచ్చి, ముందు మూలలు రెండూ ఏటవాలుగా కోసింది. ఈసారి చక్రం తగల్లేదు.

వరండాలో మంచం మీద ఒత్తిగిలి ఇదంతా చూస్తున్న మామ్మ నాన్నని పిలిచింది.

"ఒరే, దానికి తలుపెటు పెడుతున్నావు?"

"బయటి పక్కకమ్మా. కిందికి దింపితే బల్లలా ఉంటుంది. పొయ్యి పెట్టుకోవచ్చు."

"లోపలివైపు కూడా ఒకటి పెట్టు. నా తలాపు దగ్గర. చెయ్యి చాపితే అందాలి."

"నీకెందుకే? ఏం కావాలన్నా మేం ఇస్తాంగా."

"అదేరా. ఎప్పుడూ మీరే ఇస్తున్నారు."

నాన్న టేపు తెచ్చి, పడుకున్న మామ్మ చెయ్యి ఎంత దూరం వెళ్తుందో కొలుచుకున్నారు. మండపేటలో పెట్టె చేయించి, దాని వెనకవైపూ ట్రక్కు ముందు రేకూ కోయించి, జరిపే తలుపు పెట్టించారు. ఏ అరలో ఏది ఉండాలో మామ్మే చెప్పింది.

తెల్లారుతూనే బయల్దేరాం. రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన మీదికి రాగానే నాన్న ట్రాక్టరు బాగా నెమ్మది చేశారు. నేను టార్పాలిన్ ఎత్తి పట్టుకుంటే, మామ్మ గోదావరికి దణ్ణం పెట్టుకుంది. వంతెన దిగాక ఓ చెట్టు కింద ఆగాం. అమ్మ బయటి తలుపు దింపి, కిరసనాయిలు పొయ్యి వెలిగించి, కాఫీపొడి కోసం తడుముతోంది. లోపలి నుంచి ముడతలు పడ్డ చెయ్యి డబ్బా పట్టుకుని ముందుకొచ్చింది.

"ఇదిగోనమ్మా. పంచదార ఎక్కువెయ్యకు."

అమ్మ ఆ చేతిని కాసేపు వదల్లేదు.

పెనుగొండలో నాన్న మామ్మను రెండు చేతుల మీదా ఎత్తుకుని గుళ్ళోకి తీసుకెళ్ళారు. ఇంటికొచ్చాక, దర్శనం ఎలా అయిందండీ అని పక్కింటావిడ అడిగితే, "దారంతా అందరికీ నేనే అన్నీ అందించానండీ" అని మొదలుపెట్టింది మామ్మ.

తర్వాత ఏటా కోతలయ్యాక ట్రక్కుకి గూడు కట్టి బయల్దేరేవాళ్ళం. ధవళేశ్వరం వెళ్ళాం, అంతర్వేదిలో సముద్రమూ చూశాం. మామ్మ చనిపోయిన ఏడాది, కోతలయ్యాక, నాన్న అలవాటుగా గూడు చువ్వలు బయటికి తీశారు. వాటిని ట్రక్కు దాకా మోసుకెళ్ళి, మళ్ళీ పాకలో పెట్టేశారు.