వేణువు టేపులో ఊపిరి చప్పుడు

సాయంత్రం ఎండ వాకిలి దాటి వెనక్కి జరుగుతున్న వేళ, ఐదేళ్ళ మా మేఘన వచ్చి టేపురికార్డరు స్పీకరు జాలీ మీద అరచెయ్యి ఆనించింది. కంబదూరులో మా ఇంటి నడవలో నేనూ మా అత్తా విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాం. పొట్టు దుమ్ము వాసనతో పాటు పాత టేపు వేడెక్కినప్పుడు వచ్చే వాసన కూడా ఉంది. బెళుగుప్ప జాతరలో ఉరుములు వాయిస్తూ ఆడేవాళ్ళ మోతను ఎవరో పట్టిన టేపు అది. ముందు పెద్ద డోళ్ళు, వాటి వెనక కాలి గజ్జెలు. మేఘన అన్న కిరణ్ గెంతుతున్నాడు. మేఘన గెంతలేదు. చెయ్యి అక్కడే ఉంచి, కళ్ళు మూసుకుని నవ్వుతోంది. డోళ్ళు ఆగాయి. మేఘన చెయ్యి తీసేసి, "అమ్మా, అయిపాయ. ఇంగో పక్క తిప్పు" అంది. గజ్జెలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

అట్లా జాలీ మీద చెయ్యి పెట్టి పాట వినే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఇప్పుడు రాత్రి, పిల్లలు పడుకున్నారు. నిద్ర పట్టక ఆయన గురించి రాస్తున్నాను. నేను ఉత్తపుణ్యానికి భయపడే మనిషిని. పిల్ల తుమ్మితే దుప్పటి కప్పుతాను, గాఢంగా నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. అందుకే నా భయాన్ని నేనే నమ్మను. ఆయన ఉంటే, "భయం సంగతి తర్వాత. ఏం వినపడిందో అది చెప్పు ముందు" అనేవాడు.

ఆయన పేరు ఓబులేసు. గుత్తిలో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా నాయనకు స్టేషను దారిలో సైకిళ్ళ అంగడి ఉండేది. ఓబులేసు గూడ్సు బండి డ్రైవరు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపుకు మామ. ఆయన భార్య సుంకమ్మత్త. డ్యూటీ మీద ఏ ఊరు వెళ్ళినా అక్కడి నుంచి ఒక టేపు తెచ్చేవాడు. బళ్ళారి నుంచి కన్నడ శివభక్తుల వచనాలు, రేణిగుంట నుంచి నాదస్వరం, ఇంకెక్కడి నుంచో కవ్వాలి. వాటిని చూస్తే సుంకమ్మత్తకు ఒళ్ళు మండేది. "షోలాపూరు పోయినాడంటే దుప్పటి తెస్తాడనుకుంటి. మళ్ళా పాటే తెచ్చినాడు. ఏమప్పా, చలికాలం దీన్ని కప్పుకుందామా?" అనేది గోడకు ఇవతల ఉన్న మాకు వినపడేటట్టు. "కప్పుకునే పాటే తెచ్చినాలే, విను" అని ఈయన అనేవాడు.

ఆయన ఇంట్లో పాట వినడానికి ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇనప ట్రంకుపెట్టె మీది టేపురికార్డరు ముందు చాప పరిచేవాడు. టేపు వేస్తే ఒక పక్క పూర్తిగా వినాల్సిందే. మధ్యలో లేవకూడదు, మాట్లాడకూడదు, శనక్కాయలు నమలకూడదు. పాట నచ్చలేదని ముందుకు తిప్పడం మహాపాపం. "టేసను నచ్చలేదని బండిని ఎగరేసుకోని పోతామా?" అనేవాడు. పక్క అయిపోయాక అక్కడున్న ప్రతివాళ్ళూ ఒక మాట చెప్పాలి. నేను ఇంటర్ చదివేటప్పుడు మొదటిసారి ఆ చాప మీద కూర్చున్నాను. అరగంట వీణ. నాకు తల తిరిగిపోయింది. అయినా పెద్దాయన మనసు నొచ్చుకుంటుందని, "చాలా బాగుంది మామా" అంటూ తల ఊపాను.

"ఏది బాగుంది మే?"

"అంతా."

"అంతా బాగుండేది దేవునికి గూడా చేతకాలేదు. నిద్రొచ్చిందా?"

"వచ్చింది మామా."

"ఆ మాట చెప్పు! నీకు వినపడింది చెప్పు. వినపడందానికి తలకాయ ఊపొద్దు." అంటూ పెద్దగా నవ్వాడు. ఆ రోజు నుంచి నేను నిజం చెప్పడం మొదలుపెట్టాను. ఆయనా నేనూ పోట్లాడుకోవడం కూడా ఆ రోజు నుంచే.

ఆయన అభిప్రాయాలు ఏ పత్రికలోనూ రావు కాబట్టి కొన్ని ఇక్కడ రాస్తాను. ఒకామె పాడిన గజళ్ళ టేపు గురించి, "ఈయమ్మ ఎవుర్నీ పిలిచేది లేదు మే. వాకిలి తెరిచిపెట్టి లోపల కుచ్చున్నాది, అంతే" అన్నాడు. కన్నడ వచనాలు పాడినాయన "చెప్పులు బయట ఇడిచి పాడినాడు". కవ్వాలి అంటే కొండల్లో ఘాటు దారి ఎక్కే బండి. మొదట్లో తొందరపడకూడదు, ఎక్కినాక ఆపేవాడుండడు. బెంగళూరు నుంచి తెచ్చిన ఇంగ్లీషు గిటారు టేపు పూర్తిగా విన్నాడు. తర్వాత, "భాష రాదులే. ఆయప్పకు ఏదో పోయినాది. ఏం పోయినాదో మనకెందుకు? వెతుకుతాండాడు చూడు" అన్నాడు. ఆ టేపు నాకు ఇప్పటికీ పెళ్ళికి ముందటి మధ్యాహ్నాల్లాగా ఉంటుంది. కవ్వాలి విషయంలో మాత్రం ఆయనతో ఒప్పుకోను. ఘాటు ఎక్కేదాకా కూర్చునే ఓపిక నాకు లేదు. సినిమా టేపుల్ని ఆయన "గుంపు" అని కొట్టిపారేసేవాడు. గుంపులో కూడా ఒక మంచి గొంతు ఉంటుందని నేను వాదించేదాన్ని. కన్నడ వచనాలు మా పిల్లల్ని పడుకోబెట్టడానికి వాడుతున్నానని తెలిస్తే ఆయన కోప్పడేవాడో, మెచ్చుకునేవాడో తెలియదు.

అన్నింటికన్నా ఆయనకు ఇష్టమైనది వేణువు టేపు. అందులో రెండో పక్క చివర, రాగం సన్నగా పైకి పోయి తెగిపోయే ముందు, వాయించే ఆయన ఊపిరి పీల్చుకున్న చప్పుడు ఉంటుంది. చీమ నడిచినంత చిన్న చప్పుడు. మామ అక్కడికి వచ్చేసరికి వేలు పైకెత్తేవాడు. "అదిగో! మనిషి దొరికినాడు" అనేవాడు. ఆ చప్పుడు నాకు వినపడటానికి చాలా రోజులు పట్టింది. వినపడిన రోజు, ఎవరో చాలా దూరం నుంచి వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నట్టు అనిపించింది.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఆయన అభిప్రాయాలు మారడం మొదలైంది. ఎంతో ఇష్టపడ్డ గజళ్ళామెను ఒక రోజు, "నోట్లో వక్క పెట్టుకోని పాడినట్టుండాది. స పలకదు, శ పలకదు" అన్నాడు. వీణ టేపులు పక్కకు పోయాయి. డప్పులు, డోళ్ళు, నాదస్వరం ముందుకొచ్చాయి. వయసుతో రుచి మారిందనుకున్నాం. "ముసిలోనికి మోత కావాల్సొచ్చిందా ఇప్పుడు?" అని సుంకమ్మత్త ఎగతాళి చేసేది. ఇంట్లో కుక్కరు కూసినా లేచేవాడు కాదు. "ఇంజను కూతకు లేస్తాడు గానీ ఇంటి కూత ఈయనకు లెక్కల్యా" అనేది. అందరం నవ్వేవాళ్ళం. అంతలో వేణువు టేపు అరిగిపోయిందని కొత్తది కొన్నాడు. అదీ బాగాలేదని మరొకటి కొన్నాడు. అది కూడా విని, "కంపెనీవాళ్ళు దొంగనాయాళ్ళు. ఊపిరి కోసేసినారు" అని టేపును ట్రంకుపెట్టె మీదికి విసిరేశాడు.

నేను పక్కనే ఉన్నాను. ఊపిరి చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. ముందు టేపులో కన్నా స్పష్టంగా.

సుంకమ్మత్త నీళ్ళకు బోరింగు దగ్గరికి వెళ్ళింది. నేను టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. ఆ చోటు రాగానే, ఆయన ఎత్తినట్టే వేలు ఎత్తాను.

"ఏందది?" అన్నాడు.

"ఊపిరి మామా."

"నీకు వినపడతాండాదా?"

"వినపడతాండాది."

ఇంకోసారి వెయ్యమన్నాడు. మళ్ళీ ఇంకోసారి. ఆఖరికి ముందుకు వంగి జాలీ మీద అరచెయ్యి పెట్టాడు, జ్వరం చూసినట్టు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత నా మొహం చూడకుండా చెప్పాడు. ఇంజనులో డ్రైవరూ అసిస్టెంటూ సిగ్నలు కనపడగానే దాని రంగు గట్టిగా చెప్పుకోవాలట. ఒకరు చెబితే రెండోవారు తిరిగి చెప్పాలి. అది వాళ్ళ నియమం. "కొన్నాళ్ళ నుంచి నా అసిస్టెంటు ఏమంటాడో పెదాలు చూసి చెప్తాండా మే. ఇంజను మోత అనుకుంటి. వీనికి గొంతు లేదనుకుంటి. ఇంక చెప్పు, నేను సిగ్నలు చూడల్లనా, వాని పెదాలు చూడల్లనా?"

సంగతి బయటపడితే డాక్టరు పరీక్ష ఉంటుంది, పరీక్షలో పోతే ఇంజను దిగాలి. ఇంజను లేని ఓబులేసు మామను నేను ఊహించలేకపోయాను, ఆయనా ఊహించుకోలేకపోయాడు. "మీ అత్తతో చెప్పొద్దు" అన్నాడు. నేను చెప్పలేదు. తర్వాత ఆయన డ్యూటీకి వెళ్ళిన రాత్రుల్లో మేడ మీద పడుకుని, గుత్తి కోట వెనక నుంచి బండి కూత వినపడేదాకా కళ్ళు మూసేదాన్ని కాదు. భయపడటం నాకు అప్పుడే అలవాటైందేమో.

ఎక్కువ రోజులు కాలేదు. ఒక మధ్యాహ్నం ఆయన మామూలు వేళకు ముందే ఇంటికి వచ్చాడు. సుంకమ్మత్త వాకిట్లోనే ఏడుపు అందుకుంది. "దించేసినారంట మే! ముప్పై ఏండ్లు తోలినోన్ని దించేసినారంట!"

"గమ్మునుండు. ఎవురూ దించలేదు. నేనే పోయి చెప్పినా, నేనే దిగినా. రెండిటికీ తేడా ఉండాది" అన్నాడాయన. చెంబెడు నీళ్ళు తాగి నావైపు తిరిగాడు. "టేపు బాగలేదని తప్పు చెప్తే ఆ పాడినామెకు గూడా నష్టం లేదు. సిగ్నలు తప్పు చెప్తేనో? ఇన్నాళ్ళూ వినపడందానికి తలకాయ ఊపినా మే. నీకు చెప్పిన మాట నేనే మర్చిపోతి."

తర్వాత ఆయనకు షెడ్డులో పని ఇచ్చారు. చెవికి మిషను పెట్టారు. ఆ మిషనుతో మొదటి రోజు ఇంటికొచ్చి సుంకమ్మత్తను, "ఏమే, నువ్వు ఇంత గట్టిగా మాట్లాడతావా రోజూ?" అని అడిగాడు. "నీకోసమే కదప్పా అరిసి అరిసి గొంతు పోగొట్టుకుంటి!" అని ఆమె నవ్వుతూ ఏడ్చింది. ఇక ఆయన పాత టేపులన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాడు. మళ్ళీ చాప, మళ్ళీ ఒక పక్క పూర్తిగా. తీర్పులన్నీ తిరగరాశాడు. గజళ్ళామెకు టేపురికార్డరు ముందు చేతులు జోడించి, "తల్లీ, నీ స నీకే ఉండాది. నాకే ల్యాకపాయ" అన్నాడు. వేణువు టేపు మాత్రం చాలా రోజులు ముట్టుకోలేదు. ముట్టుకున్న రోజు నన్ను పిలిచాడు. రెండో పక్క చివర ఆయన వేలు కొంచెం ఆలస్యంగా లేచింది. "రేకు డబ్బాలో ఊదినట్టుండాది. అయినా ఉండాడు మే, మనిషి ఉండాడు" అన్నాడు.

నా పెళ్ళికి ఆయన ఇచ్చింది ఈ టేపురికార్డరే. మూడు వేణువు టేపుల్లో ఒకటి కూడా ఇచ్చాడు. మేఘన నా కడుపులో ఉండగా ఆయన పోయాడు. నేను వెళ్ళలేకపోయాను.

పోయిన చలికాలం మేఘనకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత పిలిస్తే పలకకపోవడం ఎక్కువైంది. మేమంతా మొండి అనుకున్నాం. బడిలో టీచరమ్మా అదే అంది. ఇవాళ గజ్జెల సంగతి చూశాక, అన్నం తింటున్న పిల్ల వెనకకు వెళ్ళి మెల్లగా, "బెల్లం కావాలా?" అన్నాను. బెల్లం అంటే నిద్రలోంచి కూడా లేచే పిల్ల. తిరగలేదు. ముందుకొచ్చి అదే మాట అంటే తల ఊపింది. మా ఆయన తల్లి, మా అత్త, అంతా చూసింది. పొయ్యి దగ్గరికి నన్ను పిలిచి, "యాడా చెప్పొద్దు. ఆడబిడ్డ. చెవిటిది అని ఒకసారి పేరు పడితే ఇంక పోదు. పెద్దయితే అదే సరిపోతాది" అంది. ఆమె మనసు చెడ్డది కాదు. జ్వరం వచ్చిన రాత్రులన్నీ పిల్లను భుజాన వేసుకుని నడిచింది ఆమే. బెంగళూరులో పని చేస్తున్న మా ఆయన ఫోనులో, "నువ్వేమనుకుంటే అది చెయ్యి" అన్నాడు. దానితో భయమంతా నా ఒక్కదాని చేతిలో పడింది. ఇది రాస్తున్నంతసేపూ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను.

పైనంతా రాత్రి రాసింది. ఈ నాలుగు మాటలు అనంతపురం బస్సు కోసం ఎదురుచూస్తూ రాస్తున్నాను.

పొద్దున పిల్లలిద్దరినీ నడవలో చాప మీద కూర్చోబెట్టాను. "ఈరోజు బడి లేదు. చెవుల డాక్టరు దగ్గరికి పోతాం" అన్నాను. కిరణ్‌తో, "చెల్లెల్ని వెనక నుంచి పిలవొద్దు. ముందరికొచ్చి మొహం చూపించి మాట్లాడు" అన్నాను.

"ఎందుకు? అది మొండిది కదా?" అన్నాడు వాడు.

"మొండి కాదు నాయనా. వినపడడం లేదు." పొయ్యి దగ్గర అత్త చేతిలో గరిటె ఆగింది. ఆమెకు వినపడాలనే గట్టిగా అన్నాను.

తర్వాత మేఘన గడ్డం పట్టుకుని నావైపు తిప్పుకున్నాను. "వినపడకపోతే వినపల్లేదని చెప్పు. నాకు చెప్పు, టీచరుకు చెప్పు, అవ్వకు చెప్పు. ఎవరూ తిట్టరు. వినపడందానికి తలకాయ ఊపొద్దు."

మేఘన ఎప్పటిలాగే తల ఊపింది.

"ఊపినావు కదా. అంతా వినపడిందా?"

అది వాళ్ళన్న వైపు చూసింది. పొయ్యి దగ్గర నిలబడ్డ అవ్వ వైపు చూసింది. తర్వాత నా మొహంలోకి చూసి, "అంతా వినపల్లేదమ్మా" అంది.

"అయితే మళ్ళా చెప్తా" అన్నాను. "ఎన్నిసార్లైనా చెప్తా."