తిమ్మరాయన్ వేసిన కేక

తిమ్మరాయన్ మేస్త్రి కట్టిన ఇల్లు తమిళనాడు ధర్మపురిలో ఏ వీధికి పోయినా ఒకటి కనబడుతుంది. డాక్టర్లకు కట్టాడు, జవుళి కొట్ల వాళ్లకు కట్టాడు. గోడ నూలుపోగంత వంకరపోయినా పడగొట్టి మళ్లీ లేపే మొండిమనిషి. తను మాత్రం పెన్నాగరం అవతల పల్లెలో రేకుల కొట్టంలోనే ఉండిపోయాడు. పెళ్లాం కుప్పాయి సొంతింటి మాట ఎత్తితే "చూద్దాం లేవే" అనేవాడు. అలా చూస్తూ చూస్తూనే ఇద్దరికీ తలలు నెరిశాయి.

ఎట్టకేలకు పోయినేడు వానలు వెనకబట్టాక పునాది తవ్వాడు. కూలీలు లేరు, నాలీలు లేరు. ఆయన తాపీ పట్టాడు, ఆమె సిమెంటు కలిపి తట్టకెత్తింది.

వాళ్లకో అలవాటుంది. పనిలోకి దిగితే అరవం, ఇంటికొస్తే తెలుగు. పనిచోట అందరితో పాటు కుప్పాయి కూడా ఆయన్ను "మేస్త్రీ" అనేది. ఇంటికి రాగానే "మామా" అనేది. మరి సొంతిల్లు కడుతుంటే అది పనిచోటా, ఇల్లా? నాలుకకేం తెలుసు పాపం! కింద కూర్చుని సంకటి తినేటప్పుడు తెలుగు పలికేది, పరంజా ఎక్కగానే దానంతటదే అరవానికి తిరిగేది.

గోడలు మోకాలెత్తు లేచినప్పుడు కుప్పాయి కారిమంగళం సంతనుంచి ఒక కుక్కపిల్లను గోనెసంచిలో మోసుకొచ్చింది. ఎర్రది. ఒళ్లంతా కలిపినా పిడికెడు లేదు, అరుపు మాత్రం ఊరంతా వినబడేది.

"టమాటాలు తెమ్మంటే ఇదేందే?"

"బుట్టల సందులో ఏడుస్తా ఉన్నింది మామా. ఇల్లు కట్టేవాళ్లకి కాపలా వద్దా?"

"కాపలానా! దీనికే ఇంకొకరు కాపలా ఉండాల."

ఆమె దానికి పెట్టిన పేరు విన్నాక మాత్రం ఆయనకు ఒళ్లు మండింది. తల్లి! పొద్దస్తమానం "తల్లీ రామ్మా, తల్లీ సంకటి తిందువు రా" అని ముద్దులు. పిల్లల్లేని ఇల్లది. ఆ మాటను ఆయన పుట్టబోయే కూతురికని వయసులో ఉన్నప్పుడే దాచుకున్నాడు. కూతురు పుట్టలేదు, మాట లోపలే ఉండిపోయింది. దాన్ని తీసుకొచ్చి కుక్కకు తగిలిస్తుందా ఈ మనిషి!

"వేరే పేరే దొరకలేదా నీకు?"

"నాకు అట్ల పిలవాలనిపించింది. నువ్వూ ఒక్కతూరి పిలిచి చూడు మామా, నోటికి ఎంత బాగుంటాదో."

"పోవే పిచ్చిదానా!"

పిలవలేదు. "ఏయ్" అనేవాడు, "నీ కుక్క" అనేవాడు. అలాగని ప్రేమ లేదా? లేకేం! తన వంతు గుడ్డు కుప్పాయి చూడకుండా దాని నోట్లో పెట్టేవాడు. అది ఆయన కాలి మీద తల పెట్టి నిద్రపోతే, కాలు తిమ్మిరెక్కినా కదిపేవాడు కాదు. పేరు మాత్రం నోట రాలేదు. కుప్పాయి కూడా విడిచిపెట్టే రకం కాదు, దినమూ అడిగేది.

కప్పు పడింది. మిద్దె మీద పిట్టగోడ కడుతున్న రోజు టిప్పర్ డ్రైవరు సదాశివం ఇసుక తోలుకొచ్చాడు. కుప్పాయి కుక్కపిల్లను చంకన పెట్టుకుని నిలువెత్తు ఇటుకల దొంతికి ఇవతల నిలబడి ఉంది. దొంతి అవతలనుంచి బండి వెనక్కి వస్తోంది. ఆమెకు అది కనబడదు, పరంజా మీదున్న తిమ్మరాయన్‌కు రెండూ కనబడుతున్నాయి. బండి ఇంకో రెండు బారలు వస్తే ఇటుకలన్నీ ఆమె మీదే.

"తళ్ళీ! తళ్ళీ!" అని కేక వేశాడు.

అరవంలో ఆ మాటకు పక్కకు జరుగు అని అర్థం. ఆ కేకతోనే ఆయన ఎందరి ప్రాణాలో కాపాడాడు. ఆ కేకకు కుప్పాయి కూడా ఎన్నోసార్లు పక్కకు దూకింది. ఆ రోజు దూకలేదు. తల ఎత్తి ఆయన్ను చూసింది. ముఖమంతా నవ్వు పరుచుకుంది. కుక్కపిల్లను చంకనుంచి కిందికి దింపి వదిలింది. అది తోక ఊపుకుంటూ దొంతి చుట్టూ తిరిగి ఆయన కోసం పరుగెత్తింది. దాని అరుపు విని సదాశివం బ్రేకు తొక్కాడు. దొంతి పడలేదు. కుప్పాయికి దెబ్బ తగల్లేదు. కుక్కపిల్ల మాత్రం చక్రం కిందనే ఉంది.

సదాశివం తల బాదుకుని ఏడ్చాడు. కుప్పాయి ఏడవలేదు. దొడ్డి మూల గొయ్యి తవ్వి పూడ్చింది, మర్నాడు తట్ట ఎత్తుకుంది. అప్పటినుంచి మొగుడితో ఒక్క తెలుగు ముక్క మాట్లాడితే ఒట్టు. కంచం ముందు పెట్టి తినమనేటప్పుడు కూడా "సాప్పిడుంగ మేస్త్రీ" అనేది.

"కుప్పీ, తిట్టవే. నన్ను నాలుగు తిట్టవే" అని ఆయన బతిమాలాడు.

"వేలై ఇరుక్కు మేస్త్రీ" అని, పనుందని లేచి పోయింది. ఇంట్లో పెళ్లాం నోట మేస్త్రీ అనిపించుకోవడం ఎంత నరకమో ఆయనకు అప్పుడు తెలిసింది. ఇలాగైతే ఈ కొత్తింట్లో ఇద్దరూ ఎట్లా బతకడం?

పాలు పొంగించిన నాడు చుట్టాలు వచ్చారు. గోడల నునుపు తడిమి మెచ్చుకున్నారు, తిన్నారు, మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయారు. కుప్పాయి కొత్త గడప మీద కూలబడింది. ఆయన పోయి పక్కన కూర్చున్నాడు.

"మామా" అంది.

ఎన్నాళ్లయిందో ఆ పిలుపు విని!

"ఆ పొద్దు అరిసినావే, నన్ను జరగమన్నావా? దాన్ని పేరుపెట్టి పిలిచినావా?"

తిమ్మరాయన్ దొడ్డి మూలకేసి చూశాడు.

"చెప్పు మామా. ఇన్నాళ్లకి పేరుతో పిలిచినావే అని సంతోషంగా ఇడిసిపెట్టినా. నన్ను జరగమనింటే, అయితే నేనే కదా దాన్ని చంపుకొన్నది? అడిగేకి బయమై ఇన్నాళ్లూ అడగలేదు."

ఆమె కోపం తన మీదనుకున్నాడు ఇన్నాళ్లూ! పిచ్చిది, తనను తానే నమిలేసుకుంటోంది. నిజం చెబితే ఇక బతికినన్నాళ్లూ తేరుకోదు.

"దాన్నే పిలిచినా" అన్నాడు.

"తల్లీ అనా?"

"తల్లీ అనే. బండి వస్తా ఉండేది చూసి కూడా, బుద్ధిలేక పిలిచినా."

కుప్పాయి ఆయన్ను అలాగే చూసింది. తర్వాత రెండు చేతులతో ఆయన ఎదురొమ్ము మీద కొట్టింది. "పాపిష్టోడా! అన్ని దినాలు పిలవకుండా ఆ పొద్దే పిలవాల్నా! ఆ పొద్దే నీ నోరు తెరవాల్నా!" అని బిగ్గరగా ఏడ్చింది. ఆయన కదలకుండా దెబ్బలు తిన్నాడు. కొట్టి కొట్టి అలసిపోయి ఆమె ఆయన భుజం మీద వాలింది.

"పేరు ఇనగానే ఎట్ల ఉరికిందో చూసినావు కదా మామా?" అంది వెక్కుతూ.

"చూసినానే" అన్నాడు తిమ్మరాయన్.