చిక్కుడు గింజల పెళ్ళి

బుసోటా కొండ మీద మా ప్రార్థన మందిరంలో శనివారం సబ్బాతు ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందో ఎవరైనా చెప్పగలరు. ఆ తర్వాత ఉజ్జియా చేసే ప్రకటనలు ఎప్పుడు ముగుస్తాయో మాత్రం ఆ పైవాడికే తెలియాలి. ఉజ్జియా మా సంఘానికి పెద్ద. సబ్బాతు నాడు కలం పట్టకూడదు, ఫోను ముట్టకూడదు కనుక, రాబోయే వారం సంగతులన్నీ బుర్రలోనే మోసుకొస్తాడు. ఒక్కటి కూడా కింద పడనివ్వడు.

"సోమవారం కాఫీ గింజలు ఆరబోసే చప్టాలు కడగాలి. కిందటిసారి నడుం నొప్పని ఇంట్లో దొర్లినోళ్ళు ఈసారి ఆ నడుంతో సహా రావాలి. బుధవారం ఆడవాళ్ళ పాటల సాధన. గురువారం పిల్లలకి మన తోరా గ్రంథం చదువు, అక్కడికి బంతి తెస్తే బంతి నాది. ఇక రేపు..." అని ఆగి, లేని మీసం దువ్వుకున్నాడు. "రేపు మన ఎలియాబు కూతురు షిఫ్రా పెళ్ళి. నమూతెంబి వాళ్ళంతా గట్టు దాటి వస్తున్నారు. ఎద్దును కోసేదెవరో తెలుసా? మనోడే! మన ఎలియాబే!"

ఆడవాళ్ళు నాలుకలాడించి పెట్టిన కూతలకు పైకప్పు రేకులు గల్లుమన్నాయి. వెనక బెంచీలో కూర్చున్న ఎలియాబు సిగ్గుతో మెడ భుజాల్లోకి లాక్కున్నాడు. మనిషి ఆరడుగులు, నోట్లో నాలుక లేదు.

ఒక్క ఎద్దుకు ఇంత సంబరమా అనిపించవచ్చు. మాలాంటి యూదుల ఇంట మాంసం వండాలంటే జంతువును ఎవరు పడితే వారు కోయకూడదు. కోత నేర్చిన పెద్ద ఒకడు ఉండాలి. గట్టు అవతల నమూతెంబి పెద్ద సంఘం. వాళ్ళకు పెద్ద మందిరం ఉంది, మేళం ఉంది, అజర్యా అనే కోత పెద్ద ఉన్నాడు. మాకు ఎవరూ లేరు. ప్రతి పండగకూ అజర్యాకు కబురు పెట్టేవాళ్ళం. ఆయన తన ఊళ్ళో కోసి, తిని, ఓ కునుకు తీసి, మోటర్‌సైకిల్ వెనక కూర్చుని వచ్చేసరికి మా పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవారు. నమూతెంబి ఆడవాళ్ళు మమ్మల్ని "అరువు కత్తోళ్ళు" అనేవాళ్ళు. సంతలో టమాటాలు బేరమాడుతూ కూడా అనేవాళ్ళు. మేమూ నవ్వేసేవాళ్ళం. కడుపు మండిపోయేది, ఎందుకు దాచాలి?

ఎలియాబు ఇటుకలు కాల్చేవాడు. యూదులు ప్రార్థన చేస్తే జైల్లో వేస్తామని సర్కారు బెదిరించిన పాడు రోజుల్లో పుట్టాడు. వాళ్ళ నాన్న అరటి తోటలో కూర్చుని గుసగుసగా దేవుణ్ణి తలుచుకునేవాడు. నియమం ప్రకారం కోసేవాడు లేక ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి మాంసం ఉడకలేదు. పక్కింటి కుండలోంచి వాసన వస్తే పిల్లలు గుటకలు మింగేవారు. "మనది కాదు," అనేవాడు తండ్రి. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఆ మాట ఎలియాబులో ఎక్కడో పాతుకుపోయింది.

పెళ్ళై, షిఫ్రా పుట్టాక ఒక రోజు గట్టు దాటి వెళ్ళి అజర్యా ముందు నిలబడ్డాడు. "నాకు కోత నేర్పు, పెద్దయ్యా."

అజర్యా ఆ చేతులు తిప్పి చూసి పెదవి విరిచాడు. "ఇవి చేతులా, చెప్పులా? అంచు మీద వెంట్రుకంత గంటున్నా గోటికి తెలియాలి. గంటున్న కత్తి కొయ్యదురా, చీలుస్తుంది. మూగజీవాన్ని చీల్చే హక్కు మనకెవరిచ్చారు? పో, పోయి ఇటుకలు చేసుకో."

ఎలియాబు ఇంటికి వచ్చి ఇటుకల పని మానేశాడు. నిజంగానే మానేశాడు! ఉన్న కాస్త కాఫీ తోట మీద బతుకుతూ, వంటింట్లో నెయ్యి తీసి రోజూ చేతులకు రాసుకునేవాడు. భార్య కెటూరా ఊరుకుంటుందా? "నిన్ను చేసుకున్నప్పుడు సంపాదనుంది, చేతుల్లేవు. ఇప్పుడు చేతులొచ్చాయి, సంపాదన పోయింది. రెండూ కలిపి ఇచ్చే మొగుడు నా రాతలో లేడు," అని వాకిట్లో నిలబడి అందరికీ వినబడేలా దెప్పేది. అలా దెప్పుతూనే నెయ్యి గిన్నె మాత్రం అతని చేతికి అందేచోట పెట్టేది.

వేళ్ళు మెత్తబడ్డాక మళ్ళీ గట్టు దాటాడు. ఈసారి అజర్యా కాదనలేదు. ఎలియాబు ఏళ్ళ పాటు వెళ్ళి వచ్చి పని నేర్చుకున్నాడు. కోళ్ళు కోశాడు, మేకలు కోశాడు. ఎద్దును మాత్రం ఇంతవరకూ ముట్టలేదు. కూతురి పెళ్ళికి, ఆ నమూతెంబి వియ్యాలవాళ్ళ కళ్ళ ముందే మొదటి ఎద్దు. మా కొండ తల ఎత్తుకునే రోజు అదే అనుకున్నాం.

ఆదివారం తెల్లవారేసరికి మగపెళ్ళివారు దిగిపోయారు. పెళ్ళికొడుకు తాతకు అజర్యా స్వయానా తమ్ముడు, కనుక ఆయనా వచ్చాడు. మందిరం వెనక గడ్డిలో ఎర్ర ఎద్దును కట్టారు. ఒక పక్కన మా పొరుగు కసాయి హాజీ మసూదు నిలబడ్డాడు. వెనక భాగాల్లోని నరం మాకు నిషిద్ధం కాబట్టి ఆ భాగాలు ఎప్పుడూ ఆయనకే వెళతాయి.

ఎలియాబు కత్తి అంచు మీద గోరు పెట్టి మొదలు నుంచి చివరిదాకా జరిపాడు. నీళ్ళ మీద వేలు జారినట్టు జారింది. కుర్రాళ్ళు ఎద్దును పడుకోబెట్టి పట్టుకున్నారు. దేవుణ్ణి తలుచుకుని కత్తి ఆడించాడు. ఎద్దు గింజుకోలేదు, అరవలేదు. మా వాళ్ళు ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. "చూశారా!" అని ఉజ్జియా వియ్యాలవాళ్ళ వైపు తిరిగి తొడ కొట్టినంత పని చేశాడు. ఆడవాళ్ళు బేసిన్లు పట్టుకుని బయలుదేరారు.

కోశాక కత్తిని మళ్ళీ చూడాలి. అది నియమం. ఎలియాబు కత్తి తుడిచి గోరు జరిపాడు. చివర దగ్గర గోరు ఆగింది.

మళ్ళీ జరిపాడు. మళ్ళీ అక్కడే ఆగింది. భయంతో కాస్త లోతుగా నొక్కినట్టున్నాడు, కొన మెడ ఎముకకు తగిలింది. ఇక ఆ మాంసం మా నోటికి పనికిరాదు. అవతల కెటూరా పొయ్యిల మీద ఎసరు మరుగుతోంది. గుడిసెలో షిఫ్రాకు జడలు అల్లుతున్నారు. గట్టు దాటి వచ్చిన జనం నీడన కూర్చుని మాంసం వాసన కోసం ఎదురు చూస్తున్నారు. ఈ లోకంలో ఆ గంటు సంగతి తెలిసింది అతని బొటనవేలి గోటికి ఒక్కదానికే.

ఉజ్జియా దగ్గరకు వచ్చాడు. "ఏంట్రా, అలా బిగుసుకుపోయావ్?"

"గంటు పడిందన్నా."

"ష్! మెల్లిగా! ఏదీ? నాకేం కనబడట్లేదే."

"కళ్ళకి కనబడదు."

"కళ్ళకి కనబడనిదాన్ని ఊరందరికీ చూపిస్తావా? తుడిచి ఒరలో పెట్టెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా, ఎలియాబూ. ఇది నీ ఒక్కడి పరువు కాదు, ఈ కొండ పరువు."

"ఈ కొండకి తినకూడనిది తినిపించి పరువు నిలబెట్టమంటావా?"

ఎలియాబు జనం వైపు తిరిగాడు. మందిరంలో కూడా గొంతెత్తి పాడనివాడు ఆ రోజు అందరికీ వినబడేలా చెప్పాడు: "కత్తికి గంటు పడింది. ఈ ఎద్దు మనకి పనికిరాదు. తప్పు నాదే."

బేసిన్లు ఉన్నచోటనే ఆగిపోయాయి. అజర్యా లేచి కర్ర ఊతంగా వచ్చి కత్తి అందుకున్నాడు. గోరు జరిపాడు. మరోసారి జరిపాడు. ఎండకు తిప్పి చూసి మళ్ళీ జరిపాడు. ఆయన మొహంలో రంగు మారడం ఎలియాబు చూశాడు. ముసలాయన మాత్రం ఏమీ అనలేదు, కత్తి తిరిగి ఇచ్చేసి వెళ్ళి చెట్టు కింద కూర్చున్నాడు. గురువుకు తల కొట్టేసినట్టయింది కాబోలు అనుకున్నాడు ఎలియాబు.

వేరే ఎద్దు లేదు. ఉన్నా, ఆ కత్తి గంటు పోయేలా నూరడానికి పొద్దు గూకుతుంది. అజర్యా పెళ్ళికని వచ్చాడు, కత్తి తేలేదు. హాజీ మసూదు గడ్డం నిమురుకున్నాడు. "ఎద్దు మొత్తం నాకేనా? మీవాడు దేవుడి పేరు తలిచే కోశాడు, మాకది చాలు." తర్వాత ఎలియాబు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "నేనైతే చెప్పేవాణ్ణి కాదు తమ్ముడూ. ఒట్టు." అలా అని బండి తేవడానికి దిగువకు వెళ్ళాడు.

కెటూరా మొగుడి మీద విరుచుకుపడింది. "కూతురి పెళ్ళినాడే నీ గోటికి ఇంత తెలివి రావాలా? ఇప్పుడు నేను వియ్యపురాలి మొహం ఎలా చూడను?" ఆమె కళ్ళు తుడుచుకుంటూ గుడిసెలోకి వెళ్ళి కూతురికి సంగతి చెప్పింది.

సగం జడలతో ఉన్న షిఫ్రా ఒక్కటే అడిగింది. "నాన్నే చెప్పాడా, ఎవరైనా పట్టుకున్నారా?"

"ఎవరు పట్టుకుంటారే, వెర్రిదానా? ఆయనే దండోరా వేశాడు."

"మరి ఏడుపెందుకమ్మా? ఎసరు మరుగుతోందిగా, చిక్కుడు గింజలు పొయ్యి."

ఇక చూడాలి మా కొండను! ఇంటికొకరు చొప్పున బుట్టలు పట్టుకుని పరుగులు తీశారు. ఒకరింటి గింజలు ఎర్రనివి, ఒకరివి మచ్చలవి, ఇంకొకరివి తెల్లనివి. అన్నీ కలిసి డేగిశాల్లో పడ్డాయి. కయ్యాలతో ఏడాదిగా మాటల్లేని తోడికోడళ్ళు ఒకే పొయ్యి ఊదారు. ఉజ్జియా చొక్కా విప్పి పోషో, అదే మొక్కజొన్న సంకటి, కెలికాడు. కోపంతో కెలికాడో, సిగ్గుతో కెలికాడో గానీ ఒక్క ఉండ కట్టలేదు.

పందిరి కింద పెళ్ళి చక్కగా జరిగింది. పెళ్ళికొడుకు మా ఆచారం ప్రకారం గ్లాసు కాలితో తొక్కి పగలగొట్టాడు, మేళం మోగింది. ఆ తర్వాత పళ్ళేలు వచ్చాయి. పెళ్ళికొడుకు మేనత్త యెమీమా తన పళ్ళెంలోకి చూసి, మెడలోని పూసలు సర్దుకుని, అందరికీ వినబడేలా అంది: "మోకాళ్ళరగదీసుకుని గట్టు దాటింది చిక్కుళ్ళకా? మా పెరట్లో కాయట్లేదా ఇవి?"

మగపెళ్ళివారు గొల్లున నవ్వారు. మా వాళ్ళు నేల చూపులు చూశారు. వంటపాక వెనక మొద్దు మీద కూర్చున్న ఎలియాబుకు ఆ నవ్వు వినబడింది. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. 'నా ఒక్కడి వల్ల కొండంతా నవ్వులపాలైంది,' అనుకుని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

అప్పుడు అజర్యా లేచాడు. "నవ్వడం అయిందా? అయితే వినండి." ఆయన గొంతులో ఇంకా పదును ఉంది. "పొద్దున ఆ కత్తి మీద నేను మూడుసార్లు గోరు జరిపాను. నాకు గంటు తెలియలేదు."

నవ్వులు ఆగాయి.

"తెలియలేదని అప్పుడే చెప్పి ఉంటే మీరంతా ఎద్దును తినేవాళ్ళు. నా మాటకి ఎదురు చెప్పేవాడెవడు? నోరు పెగల్లేదు నాకు. నా గోరు ముసలిదైపోయిందని ఇవాళ తెలిసింది, ఆ బెంగతో చెట్టు కింద కూర్చున్నా. ఆ గంటుకి సాక్షి లేడు. మీరు కాదు, నేనూ కాదు. దాచుకుంటే దేవుడికీ వాడికీ మధ్యే ఉండిపోయేది. కూతురి పెళ్ళి పెట్టుకుని, మనలాంటి నోటి దురుసు వియ్యాలవాళ్ళని ముందు పెట్టుకుని, వాడు చెప్పాడు." ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. "ఇక నేను కత్తి పట్టను. వచ్చే పండక్కి నమూతెంబి ఎద్దుని కోసేది ఎలియాబే. రానంటే నేను పోయి వాడి గుమ్మంలో కూర్చుంటా. నా మనవలు ఎవరి చేతి కోత తింటారో అని ఇన్నాళ్ళూ నిద్ర పట్టేది కాదు. ఇవాళ పడుతుంది."

మొదట యెమీమాయే పళ్ళెం చాచింది. "వడ్డించండి మరి, చూస్తారేంటి? ఆ మచ్చల గింజలు ఎక్కువెయ్యండి." అంతే, మా ఆడవాళ్ళు పెట్టిన కూతలకు దిగువన హాజీ మసూదు బండి ఎద్దులు బెదిరాయట. ఉజ్జియా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, ఇందులో దాచడానికేముంది? మా కొండ ఇంత ఎత్తని ఆ రోజు దాకా మాకే తెలియదు.

ఈ గోల ఏమిటో అర్థంకాక ఎలియాబు పాక పక్క నుంచి తొంగి చూశాడు. షిఫ్రా పెళ్ళిబట్టల్లోనే పళ్ళెం పట్టుకుని ఎదురు వచ్చింది, వెనకే కెటూరా మంచినీళ్ళ చెంబుతో వచ్చింది.

"ఎద్దు పెట్టలేకపోయానమ్మా నీకు," అన్నాడు.

"పెట్టకపోతేనే బాగుంది నాన్నా. వచ్చే పండక్కి నమూతెంబి ఎద్దుని కోసేది నువ్వేనని అజర్యా తాత అందరి ముందూ చెప్పాడు. నీ పేరు చెప్పుకుని ఆ ఇంట్లో కాలు పెడతాను. ముందు తిను, చల్లారిపోతుంది."

మట్టిలోనే కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఎలియాబు కడుపారా తిన్నాడు. కెటూరా పాకలోంచి మరో గరిటె చిక్కుళ్ళు తెచ్చి వేసింది.