దీపాలు పెట్టినాక ఉప్పు

కొమురవ్వ కుదురుగా కూర్చుని అన్నం తినడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. గిన్నె చేతిలో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేది. ఒక ముద్ద మింగి, ఎదురింటి పిల్లవాడు పొయ్యి దగ్గరికి పోతున్నాడని అరిచేది. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, ఎవరో కొడవలి దారిలో పడేశారని తీసి చూరులో గుచ్చి వచ్చేది. మా అత్త ఆమెను కాలు కాలిన పిల్లి అని వెక్కిరించేది.

"నా కాలంటే కాలింది. మీ పోరగాండ్ల కాళ్లు కాలొద్దనే తిర్గుతున్న" అనేది కొమురవ్వ, ఏమాత్రం కోపం లేకుండా.

మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. నేను లక్సెట్టిపేట దగ్గరి ఆ ఊరికి కోడలిగా వచ్చేనాటికే ఆమె భర్త మొండయ్య లేడు. డెబ్బై నాలుగులో పొలం దగ్గర మోటరు పైపు బిగించబోయి, పిట్టగోడ లేని బావిలోకి కాలు జారి పడిపోయాడు. ఊరంతా గండం అన్నది. గండం కాదు, గోడ లేదు అని కొమురవ్వ ఒక్కతే అన్నది. ముప్పై ఏళ్ళయినా లేని మనిషి, వెంట పదేళ్ళ కొడుకు సిద్దిరాములు. ఆమె మాట ఎవరికి పట్టింది? అప్పటినుంచే ఆ తిరుగుడు మొదలైందంటారు.

ఎనభై ఆరు ఎండాకాలంలో హైదరాబాదు నుంచి యూనివర్సిటీ వాళ్ళ జీపు వచ్చింది. అందులోంచి నిర్మలాదేవి అనే మేడం దిగింది. పల్లెల్లో మనుషులకు దెబ్బలు ఎట్లా తగులుతున్నాయి, వాటిని ఎట్లా తప్పించవచ్చు అని పరిశోధన చేస్తున్నారట. పంచాయితీ ఆఫీసు ముందు అందరినీ కూర్చోబెట్టి, పోయిన ఏడాది మీ ఊళ్ళో ఎవరెవరికి దెబ్బలు తగిలాయని అడిగింది. మా పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, మా ఊళ్ళో దెబ్బలేమీ లేవన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదు. మంచిర్యాల ఆస్పత్రిలో చేర్పిస్తేనే మా లెక్కలో దెబ్బ. మిగతావన్నీ గండాలు, పీడలు, గ్రహపాట్లు.

వెనుక నిలబడి ఉన్న కొమురవ్వ ముందుకొచ్చింది. గడ్డికోసే మిషన్‌లో వేళ్ళు పోయినవాడు, చీరకు నిప్పంటుకున్నది, పసుపు ఉడికే కడాయిలో చెయ్యి పెట్టిన పిల్ల, బావుల్లో పడ్డవాళ్ళు, అందరినీ ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది. చివర్లో, "మొగోళ్ల చేతుల తిన్న దెబ్బలు గూడ రాసుకుంటరా మేడం, లేకుంటే అవ్వి గూడ గండాలల్ల పడ్తయా?" అని అడిగింది.

మగవాళ్ళు గొల్లున నవ్వారు. నిర్మలాదేవి నవ్వలేదు. అవి కూడా కావాలి అన్నది.

అట్లా కొమురవ్వ మా ఊరి తరఫున లక్సెట్టిపేటలో శిక్షణకు పోయింది. తోడుకు నన్నూ, రాజం పెళ్ళాం బాలవ్వనూ లాక్కుపోయింది. కాలినచోట కోడిగుడ్డు సొన పూయొద్దు, చల్లటి నీళ్ళు పోయాలని నేర్పారు. బావికి పిట్టగోడ ఎంత ఎత్తుండాలో చెప్పారు. ఆ గోడ మాటొక్కటి చాలు కొమురవ్వకు. ఊరికి రాగానే పంచాయితీవాళ్ళను నిద్రపోనివ్వలేదు. మొట్టమొదటి గోడ తన పొలం బావికే కట్టించుకుంది.

దెబ్బను చూసి అది ఎట్లా తగిలిందో పోల్చుకోవడం కూడా నేర్పారు. జారిపడితే మోచిప్పలు, అరచేతులు గీరుకుపోతాయి. ముంజేతి వెలుపల కమిలిందంటే, మొహం మీదికి వచ్చిన దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఇది విన్నాక కొమురవ్వకు పట్టపగ్గాల్లేవు. మా దగ్గర ఆడవాళ్ళు మొగుడు కొట్టాడని చెప్పుకోరు, బర్రె తన్నిందంటారు. అట్లా చెప్పినవాళ్ళ చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "మన ఊరి బర్రెలకు చేతులెప్పుడు మొలిచినయే?" అనేది. చెప్పినవాళ్ళు నవ్వలేక ఏడవలేక నిలబడేవాళ్ళు.

ఇంట్లో కొట్టే చప్పుడు వింటే ఏం చెయ్యాలో కూడా నిర్మలాదేవి చెప్పింది. తీర్పు చెప్పబోవద్దు, మగవాడితో వాదం పెట్టుకోవద్దు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్ళి, ఏదో ఒక వస్తువు అడుగుతూ గుమ్మంలో నిలబడాలి. ఆ ఇంటి ఆడమనిషి బయటికి వచ్చేదాకా కదలొద్దు. మొగుడూ పెళ్ళాల మధ్యకు పోవడం మర్యాద కాదని పుట్టినప్పటినుంచీ విన్నవాళ్ళం, మాకు చెమటలు పట్టాయి. మొదటిసారి రాజం బాలవ్వను కొడుతుంటే పోయి అగ్గిపెట్టె అడిగాం. రాజం అగ్గిపెట్టె మా మీదికి విసిరి తలుపేసుకున్నాడు. లోపల దెబ్బలు ఆగలేదు. నేను ఇంటికొచ్చి ఏడ్చాను.

రెండోసారి కొమురవ్వ పొయ్యి మీద కూర వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఏం కావాలని రాజం గుడ్లురిమితే, కూర మీదే మనసున్న మనిషి కదా, తత్తరపాటులో ఉప్పు అనేసింది. మా దిక్కున దీపాలు పెట్టినాక ఉప్పు ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. ఇస్తే ఇంట్లో లక్ష్మి ఆ ఉప్పుతో పాటే గడప దాటిపోతుంది. అడిగినవాళ్ళు ఆ ఇంటి చెడు కోరినట్టే. రాజం చేతిలో కర్ర జారిపోయింది.

"పొద్దుగూకినంక ఉప్పడుగుతవా? నా ఇల్లు ముంచతందుకే వచ్చినవా?" అని వీధిలోకి ఉరికి వచ్చి తిట్లు లంకించుకున్నాడు.

కొమురవ్వ తల వంచుకుని తిట్లన్నీ పడింది. మధ్యమధ్యలో, "జరంతనే రాజం, ఒక్క పిడికెడే" అనడం మాత్రం మానలేదు. ఆ లొల్లిలో బాలవ్వ పెరటి దారిన మా ఇంటికి వచ్చేసింది. వీధికెక్కిన కోపం మళ్ళీ ఇంట్లోకి పోలేదు.

ఇది చెబితే నిర్మలాదేవి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. వేరే ఊళ్ళలోనూ చేసి చూశారట. ఒక ఊళ్ళో మొగుడు మారు మాట్లాడకుండా ఉప్పు తెచ్చి ఇచ్చి, లోపలికి పోయి మళ్ళీ కొట్టాడట. "ఉప్పు మందేమీ కాదు. మీరు కలిసి వెళ్ళారు చూడండి, అదీ మందు" అన్నది ఆమె. మాకు మాత్రం ఉప్పంటేనే గురి కుదిరింది. ఎక్కడ చప్పుడైనా కొమురవ్వ ముందు, మేము వెనుక. కొందరు మగవాళ్ళు మమ్మల్ని చూడగానే చెయ్యి దించడం నేర్చుకున్నారు.

ఎనభై తొమ్మిదిలో సిద్దిరాములు దుబాయి నుంచి వచ్చాడు. కంపెనీ మూతపడిందని గడువుకు ముందే పంపేశారు. పెళ్ళయిన కొత్తలోనే పోయినవాడు. పెళ్ళాం గంగమణి, జన్నారం పిల్ల, అతని ఉత్తరాలు నాతో చదివించుకుంటూ ఇన్నాళ్ళూ అత్త దగ్గరే ఉంది. చిన్నప్పుడు కోడిపిల్ల చచ్చిపోతే అన్నం మానేసినవాడు సిద్దిరాములు. ఇప్పుడు పొద్దున లేస్తే లక్సెట్టిపేటలో ఏజెంటు దగ్గరికి పోవడం, వీసా రాలేదని తిరిగి రావడం, వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూలకు నడవడం. రేడియో పెట్టేవాడు, కట్టేసేవాడు, మళ్ళీ పెట్టేవాడు. ఆ నడకే తల్లి పోలిక అనుకున్నాం. కొన్నాళ్ళకు గోడ అవతల నుంచి దెబ్బల చప్పుడు వినబడింది.

మొదటిసారి కొమురవ్వ కొడుకును గట్టిగానే దులిపింది. నేను గోడ ఇవతల విన్నాను.

"అవ్వా, నువ్వు నడుమల రాకు. వస్తే బాపు పడ్డ బాయిలనే నేను గూడ పడ్త" అన్నాడు సిద్దిరాములు.

అంతే. ఆమె నోరు పడిపోయింది. ఆ తర్వాత అక్కడ చప్పుడు మొదలైతే, పెరట్లో కొమురవ్వ గిన్నెలు తోమే చప్పుడూ మొదలయ్యేది. తోమినవే మళ్ళీ తోమేది. ఆ చప్పుడు మా చెవులకు అడ్డం పెట్టడానికని నాకు తెలుసు. పాపమనిపించేది, వెంటనే ఒళ్ళు మండేది. ఊరందరి గడపలు తొక్కిన మనిషి, తన గడప లోపల నిలబడి గిన్నెలు తోముతుందా? ఈరోజు ఆపుతుంది, రేపు ఆపుతుందని చూశాం. ఆమె లేకుండా ఏ గుమ్మానికీ పోయినవాళ్ళం కాదు మేము.

నెలనెలా జరిగే మీటింగు ఆమె అరుగు మీదే. ఆ నెల వచ్చిన నిర్మలాదేవికి గంగమణి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. చెయ్యి చాపితే కొంగు జారింది. ముంజేతి వెలుపల నల్లగా కమిలి ఉంది.

"ఏమైందమ్మా?" అన్నది మేడం.

గంగమణి నోరు తెరవకముందే కొమురవ్వ అందుకుంది. "బర్రె తన్నింది మేడం."

మేమందరం నేల చూపులు చూశాం. నిర్మలాదేవి ఆమెను ఇంకేమీ అడగలేదు. జీపు ఎక్కేముందు మాత్రం నా దగ్గర ఆగి, "ఈ ఊళ్ళో అన్ని గుమ్మాలూ ఒకటే కదా?" అని వెళ్ళిపోయింది. ఆ మాట నన్ను రెండు పూటలా అన్నం తిననివ్వలేదు. నేను కూడా వాకిట్లో తిరగడం మొదలుపెట్టాను.

ఒకనాడు దీపాలు పెట్టి మా ఆయన భూమన్నకు అన్నం వడ్డిస్తున్నాను. గోడ అవతల ఏదో దబ్బున పడింది. గంగమణి కేక సగంలో ఆగిపోయింది. గిన్నెల చప్పుడు మొదలైంది. చేతిలో గరిటె పట్టుకుని నేను కొయ్యలా నిలబడ్డాను. అప్పుడే బాలవ్వ గిన్నె పట్టుకుని వచ్చింది, వెనుక ఇంకో ఇద్దరు.

"ఏం జూస్తున్నవ్? పా" అన్నది.

గరిటె పడేసి నేనూ ఒక గిన్నె అందుకున్నాను. కొమురవ్వ గుమ్మంలో నిలబడ్డాం. బాలవ్వే గొంతెత్తింది. "కొమురవ్వా, జర ఉప్పియ్యి!"

లోపల చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. కొమురవ్వ మసి చేతులతో బయటికి వచ్చింది. ఆమె మొహంలో అంత కోపం నేనెన్నడూ చూడలేదు.

"పొద్దుగూకినంక ఉప్పడుగుతరా? నా ఇల్లు..." అని ఆగిపోయింది.

మా చేతుల్లో ఖాళీ గిన్నెల వంక చూసింది. బాలవ్వ మొహం చూసింది. తర్వాత వెనక్కి తిరిగి చూసింది. అక్కడ బెల్టు చేత్తో సిద్దిరాములు, గోడకు ఆనుకుని, పెదవి చిట్లిన గంగమణి. కొమురవ్వ లోపలికి పోయి ఉప్పు గురిగి ఎత్తుకొచ్చింది.

"అవ్వా, పాగలైనవా? ఉప్పిస్తే ఇల్లు మునుగుతది!" అని అరిచాడు కొడుకు.

"మునగనీ" అన్నది.

దోసిళ్ళతో మా గిన్నెల్లో పోసింది. చివరికి గురిగి బోర్లించి దులిపింది. మేము ఎన్ని గుమ్మాల్లో అడిగామో, ఒక్క గింజ ఉప్పు తేలేదు. ఇవ్వరనే అడిగేవాళ్ళం. ఆమె ఇచ్చేసరికి ఏం చెయ్యాలో మాకు తోచలేదు. కొమురవ్వే గంగమణి చెయ్యి పట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"గీ పిల్లను గూడ తీస్కపో. ఈమె పోయినంక గీ ఇంట్ల ఉప్పెందుకు, పప్పెందుకు?"

సిద్దిరాములు బెల్టు విసిరికొట్టాడు. "అయితే నేను బాయిల పడ్త!" అని పొలం దారి పట్టాడు. కొమురవ్వ వెంట పోబోయింది, గడప దగ్గర ద్వారబంధం పట్టుకుని ఆగింది. మా ఆయన తినే కంచం ముందునుంచి లేచి చెయ్యైనా కడుక్కోకుండా అతని వెనుక పరుగెత్తాడు.

"గోడ కాలు జారెటోని కోసం కట్టించిన. దుంకుతనంటే నేనెట్ల ఆపుదు? ఇగ నాకు శాతకాదు" అని కొమురవ్వ గడప మీద కూలబడి ఏడ్చింది. ఆమె కూర్చోగా చూడటం నాకదే మొదలు. నేనూ ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను.

సిద్దిరాములు దూకలేదు. తల్లి కట్టించిన పిట్టగోడ మీద కూర్చుని తల పట్టుకున్నాడట. వీసా రాదు, ఊళ్ళో మొహం చెల్లదు అని మా ఆయనతో ఏదేదో చెప్పుకున్నాడట. ఆ పూట మా కొట్టంలో పడుకున్నాడు. తెల్లారి కొమురవ్వ కోడలిని తనే జన్నారం తీసుకుపోయి దింపింది. మావాడు పిలిచినప్పుడు కాదు, నీకు రావాలనిపించినప్పుడే రా అని చెప్పి వచ్చింది. కొడుకు నెమ్మదిగా దగ్గరికొచ్చి, పోయి తెస్తానంటే, "ఇప్పుడే కాదు" అన్నది. ఆ మాట మీదే ఉంది.

తరువాతి నెల నిర్మలాదేవి అదే అరుగు మీద కూర్చుని ఎప్పటిలాగే అడిగింది, ఈ నెల ఎవరింటికి పోవాల్సి వచ్చిందని. మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అరుగు చివర కొమురవ్వ లేచి నిలబడింది.

"మా ఇంటికి వచ్చిండ్రు" అన్నది. కట్టుకొయ్య దగ్గర నెమరేస్తున్న బర్రె వైపు చూసింది. "మా బర్రె ఎవర్ని తన్నలే మేడం."