లేచానమ్మా, లేచాను

మేం కొండ మీదికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. జూన్ నెల, ఉత్తర అరిజోనా. మేముండే చాండ్లర్‌లో అయితే ఆ వేళకి తారు రోడ్డు చెప్పులకి అంటుకుంటుంది. ఇక్కడ ఎత్తు కాబట్టి ఎండ కాస్త నయం. గాలి మాత్రం దయాదాక్షిణ్యాలు లేనిది. శిఖరం మీద నాలుగు కార్లు పట్టేంత చదును. చుట్టూ పొట్టి ఓక్ పొదలు, వాలు పొడవునా పైన్ చెట్లు. తూర్పున లోతైన లోయ. లోయకి అవతల పొగ.

సామాను: ఒక ట్రక్కు, నీళ్ళ ట్యాంకు, గుడారం, తిండి ప్యాకెట్లు, ఒక ట్రైలర్. ట్రైలర్ మీద యాంటెన్నా స్తంభం, రెండు రేడియోలు, ఒక జనరేటరు, టిఫిన్ బాక్సంత లైనక్స్ కంప్యూటర్ పెట్టె.

ముగ్గురం. సార్జెంట్ మామూలు రోజుల్లో హైస్కూల్లో కుస్తీ కోచ్. మాట తక్కువ, చూపు ఎక్కువ. డ్రైవర్ టెక్సస్‌లోని ప్లేనోలో పుట్టి పెరిగిన తెలుగువాడు, ఆరడుగుల మూడంగుళాలు, నిద్రలో కుంభకర్ణుడు. మూడోదాన్ని నేను, సిగ్నల్స్ స్పెషలిస్ట్‌ని. ఖమ్మంలో పుట్టాను, చాండ్లర్‌లో కాపురం. ఆఫీసులో సర్వర్లు చూసుకుంటూ, వారాంతాల్లో రాష్ట్ర గార్డ్ అనే పార్ట్‌టైమ్ సైన్యంలో యూనిఫాం వేసుకునేదాన్ని. అడవి తగలబడినప్పుడు మమ్మల్నీ పిలుస్తారు.

తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌ల దగ్గర అంకుల్స్ ఇప్పటికీ అడుగుతారు. "ఆర్మీలో చేశావు కదమ్మా, గన్ పేల్చావా?" లేదంకుల్, స్క్రిప్ట్ రాశాను అంటే ముఖం చిన్నబుచ్చుకుని బిర్యానీ వైపు వెళ్ళిపోతారు. ఆ స్క్రిప్ట్ కథే ఇది.

మాకిచ్చిన ఆర్డర్ ఒక్క ముక్క: రిలే ఆగకూడదు. లోయలో ఫైర్ క్రూ ఇరవై మంది ఉన్నారు. వాళ్ళ చేతి రేడియోల మాట కొండ దాటదు. ఆ మాటని మా పెట్టె అందుకుని ఇవతల బేస్‌కి పంపాలి, బేస్ చెప్పింది వాళ్ళకి వినిపించాలి. గాలి తిరిగిందనో, మంట దారి మార్చిందనో వాళ్ళకి తెలియాలంటే మా కొండే దిక్కు. కొండ మూగబోతే ఆ ఇరవై మందీ కళ్ళకి గంతలు కట్టుకుని నడిచినట్టే.

క్రూ బాస్‌ని మేం చూడలేదు, గొంతే తెలుసు. బొంగురు గొంతు ఆడమనిషి. పొద్దున్నే పలకరించేది, రేడియోలో మా కొండ పేరు రిడ్జ్. "రిడ్జ్, వినబడుతున్నానా?" వినబడుతున్నావు తల్లీ అని నా మనసులో అనుకుని, "లౌడ్ అండ్ క్లియర్" అని పైకి చెప్పేదాన్ని.

జనరేటరు ముసలిది. దుమ్ము తింటే వేడెక్కేది, వేడెక్కితే దానంతట అదే ఆగిపోయేది, కాస్త చల్లారాక దానంతట అదే మొదలయ్యేది. మధ్యలో ఆదుకోవడానికి బ్యాటరీ ఉండాలి. ఉంది కూడా, పనిచేయదు. కొత్తది పంపమని అడిగితే "దారిలో ఉంది" అన్నారు. నాకు తెలిసి ఆ బ్యాటరీ ఇంకా దారిలోనే ఉంది.

అసలు చిక్కు కరెంటు పోవడం కాదు, తిరిగి రావడం. కరెంటు రాగానే లైనక్స్ పెట్టె లేస్తుంది. లేచి, ఏ పని చేయాలో తెలియని కొత్త అల్లుడిలా ఊరికే కూర్చుంటుంది. రేడియోలు రెంటినీ కలిపే ప్రోగ్రామ్‌ని ఎవరో ఒకరు వెళ్ళి కమాండ్లు కొట్టి మొదలుపెట్టాలి. ఆ ఎవరో ఒకరు నేనే. రెండోరోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే జనరేటరు శబ్దం ఆగింది. నోట్లో నురగతో పరిగెత్తాను. కరెంటు వచ్చేదాకా కీబోర్డు ముందు నిలబడి, రాగానే కమాండ్లు కొట్టేసరికి హెడ్‌ఫోన్‌లో ఆ బొంగురు గొంతు. "రిడ్జ్? రిడ్జ్? ఎవరైనా ఉన్నారా?" ఎప్పటినుంచి పిలుస్తోందో.

సార్జెంట్ నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే. నాకు మాత్రం ఇలాగే గుర్తుంది.

"స్పెషలిస్ట్, నువ్వు ఇక్కడ లేకపోతే?"

"పెట్టె లేస్తుంది సార్జెంట్, పని మొదలుపెట్టదు."

"మొదలుపెట్టించు."

అంతే, వెళ్ళిపోయాడు.

స్క్రిప్ట్ అంటే పెద్ద విద్యేం కాదు. నేను చేత్తో కొట్టే కమాండ్లన్నీ వరసగా ఒక ఫైల్లో రాసిపెట్టడమే. లైనక్స్ నిద్ర లేవగానే దాన్ని నడపమని ఇంకో చిన్న సర్వీస్ ఫైల్లో చెప్పాలి. మధ్యాహ్నానికల్లా రాసేశాను. చేత్తో నడిపి చూశాను, చక్కగా నడిచింది. సంతోషం పట్టలేక డ్రైవర్‌ని కేకేశాను.

"ఒరేయ్, చూడు! ఇంక నేను పరిగెత్తక్కర్లేదు."

"సూపర్ అక్కా. ఆఫ్ చేసి ఆన్ చేశావా?"

చేశాను. పెట్టె లేచింది. రిలే లేవలేదు.

నాకు ఒళ్ళు మండింది. చేత్తో నడిపితే బంగారంలా నడుస్తుంది, దానంతట అది లేస్తే చచ్చినా నడవదు. పెట్టె తన పనుల చిట్టా రాసుకునే లాగ్ తీసి చూస్తే ప్రోగ్రామ్ కనబడలేదని రాసింది. నిజమే. నేను లాగిన్ అయి నా ఫోల్డర్‌లో కూర్చుని నడిపితే నా ఫైళ్ళు ఎక్కడున్నాయో దానికి తెలుసు. బూట్ అయ్యేటప్పుడు నేనెవరో, నా ఫోల్డర్ ఏదో దానికేం తెలుసు? ఇంటిపేరుతో సహా ప్రతి ఫైల్ అడ్రస్సూ పూర్తిగా రాశాను. ఈసారి రీబూట్ చేస్తే లేచింది. నేను చప్పట్లు కొట్టాను, డ్రైవర్ ఈల వేశాడు.

సార్జెంట్ చప్పట్లు కొట్టలేదు. సాయంత్రం దాకా పరీక్షలుంటాయని క్రూకీ బేస్‌కీ చెప్పి నా వైపు తిరిగాడు. "రీబూట్ కమాండ్ ఇచ్చావు. నీ జనరేటరు నీకు అలా మర్యాదగా చెప్పి ఆగుతుందా?" అని, నేను నోరు తెరిచేలోపు జనరేటరు స్విచ్ కొట్టేశాడు. కాసేపాగి మళ్ళీ వేశాడు. పెట్టె లేచింది. రిలే మళ్ళీ చచ్చింది.

ఆయన్ని తిట్టుకున్నాను, కానీ మనిషి చెప్పింది నిజం. కమాండ్ ఇచ్చి రీబూట్ చేస్తే రేడియోలకి కరెంటు పోదు, అవి మేలుకునే ఉంటాయి. మొత్తం కరెంటు పోయి వస్తే అన్నీ ఒకేసారి లేస్తాయి. రేడియో ఇంకా కళ్ళు నులుముకుంటుంటే నా స్క్రిప్ట్ ముందే లేచి "రేడియో ఏదీ? లేదా? సరే" అని పడుకుంటోంది. వంటవాడు లేవకముందే టిఫిన్ అడిగి, లేదంటే రోజంతా అలిగి కూర్చున్నట్టు. కాబట్టి వెయిట్ చేయమని రాశాను. రేడియో కనబడేదాకా రెండు సెకన్లకోసారి చూస్తూ ఉండు, కనబడ్డాకే మొదలుపెట్టు, మధ్యలో పడిపోతే మళ్ళీ లే. సార్జెంట్ ఆ సాయంత్రమంతా దారిన పోతూ వస్తూ స్విచ్ కొట్టాడు. ఒకసారి కాఫీ కప్పు చేతిలో పట్టుకునే కొట్టాడు. ప్రతిసారీ రిలే లేచింది. అప్పుడు నా భుజం మీద ఒక్క దెబ్బ వేశాడు. ఆ దెబ్బకంటే మెడల్ ఏముంటుంది చెప్పండి?

"ఇంకొకటి," అన్నాడు. "లేచిందని లోయలోవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

స్క్రిప్ట్ చివర ఒక లైను కలిపి, రేడియోలో ఏదో ఒక శబ్దం వినిపించవచ్చు. ఏ శబ్దం? దానికి జవాబు మరునాడు పొద్దున దొరికింది.

కొండ మీద ఫోన్ సిగ్నల్ ఒకే ఒక్క బండ పక్కన ఒక్క గీత వచ్చేది. మా డ్రైవర్ సరిగ్గా ఆ బండ పక్కనే పడుకునేవాడు. ఎందుకంటే ప్లేనో నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసి లేపాలి. స్కూల్ రోజుల నుంచీ అదే అలవాటట. పాతికేళ్ళు దాటిన సైనికుడు, ట్రక్కుని కొండ అంచున రివర్స్‌లో తిప్పగలడు, అమ్మ లేపందే లేవలేడు. ఫోన్ మోగేది. కళ్ళు మూసుకునే చెవిన పెట్టుకుని, అమెరికా యాసలో ముద్దముద్దగా అనేవాడు. "లేచానమ్మా, లేచాను." అని మళ్ళీ పడుకునేవాడు.

ఆ పొద్దున నా ఫోన్ వాడి నోటి దగ్గర పెట్టి రికార్డ్ చేశాను.

"అక్కా, ప్లీజ్! అది పెట్టకు. సో ఎంబరాసింగ్. అమ్మకి తెలిస్తే ఆంటీలందరికీ చెప్తది."

"టెస్ట్‌కే రా. తర్వాత మారుస్తాలే."

సార్జెంట్ విన్నాడు, అర్థం అడిగాడు, చెప్పాను. గడ్డం గోక్కున్నాడు. "మార్చకు. పొగలో, గోలలో ఇంగ్లిష్ మాట ఏదైనా ఇంకో మాటలా వినబడొచ్చు. ఇది దేనిలానూ ఉండదు. పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటాను."

బేస్‌కీ క్రూకీ చెప్పాడు. ఈ మాట వినబడితే కొండ పడి లేచిందని అర్థం, చివరిగా చెప్పింది మళ్ళీ చెప్పండి. ఆ రోజే జనరేటరు ఆగింది, లేచింది. మా వాడి గొంతు లోయంతా వినిపించింది. "లేచానమ్మా, లేచాను." తర్వాత క్రూ బాస్, నవ్వు ఆపుకుంటూ, "కాపీ, రిడ్జ్. గుడ్ మార్నింగ్." కాపీ అంటే విన్నానని. ఆ తర్వాత మా పెట్టె ఎప్పుడు పడి లేచినా ఆమె "కాపీ, రిడ్జ్" అనకుండా ఉండేది కాదు. ముసలి జనరేటరు పుణ్యాన మాకు రోజూ పలకరింపులే.

పదోరోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. పడమటి వాలున ఒకచోట పొగ, చూస్తుండగానే రెండు చోట్ల. బేస్ నుంచి ఆర్డర్: కొండ ఖాళీ చేయండి, వెంటనే. ట్రైలర్ లాగడానికి టైమ్ లేదు. జనరేటరు ట్యాంకు నిండా పోశాం. సార్జెంట్ ట్రక్కు మెట్టు మీద కాలు పెట్టి నా వైపు చూశాడు.

"లేస్తుందా?"

"లేస్తుంది సార్జెంట్."

పైకి అలా అన్నాను గానీ, ట్రక్కు ఎక్కుతూ ట్రైలర్ వైపే చూశాను. ఇరవై మంది లోపల, కొండ మీద పురుగు లేదు, నేను రాసిన నాలుగు లైన్లు తప్ప.

డ్రైవర్ దుమ్ములో పొగలో మలుపులన్నీ దింపి, కింద రోడ్డు మీద ఆపాడు. ట్రక్కు రేడియో పెట్టాం. క్రూ బాస్ గొంతు వచ్చింది, ఆయాసంతో. "బేస్, తూర్పు దారిన బయటికి వస్తున్నాం." బేస్ వెంటనే అందుకుంది. "నెగెటివ్..." అంతే. రేడియో చచ్చింది. పైన జనరేటరు ఆగిపోయింది.

వాళ్ళు తూర్పు దారిన నడుస్తున్నారు. బేస్ వద్దందంటే అక్కడ మంట ఉన్నట్టే, పొగలో గోలలో ఆ ఒక్క మాట వాళ్ళకి చేరిందో లేదో. డ్రైవర్ స్టీరింగ్ పట్టుకుని గొణుగుతున్నాడు. "గెట్ అప్. గెట్ అప్, మ్యాన్." తనని తనే లేపుకుంటున్నాడు పాపం. నేను రాసిన ప్రతి లైనూ మనసులో చదువుకుంటున్నాను. రేడియో కనబడేదాకా చూడు. కనబడ్డాకే మొదలుపెట్టు. పడిపోతే మళ్ళీ లే. లేవే తల్లీ, నీకు దండం పెడతాను.

"లేచానమ్మా, లేచాను."

ప్రాణం లేచొచ్చింది. బేస్ గొంతు మీద గొంతు: "వాగు దారి! వాగు దారిన రండి!" అవతల నుంచి, "కాపీ, బేస్. వాగు దారి. కాపీ, రిడ్జ్." నేను ఏడ్చేశాను. సార్జెంట్ కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు.

సాయంత్రంలోగా అది ఇంకా కొన్నిసార్లు పడింది, లేచింది, చెప్పింది. ఇరవై మందీ వాగు దారిన నడిచి రోడ్డెక్కారు. బూడిద పూసుకున్న ముఖాల్లో ఎవరు ఎవరో తెలియలేదు. అందులో పొట్టి మనిషి ఒకామె మా ట్రక్కు దగ్గరికి వచ్చి అడిగింది. "ఆ గొంతు ఎవరిది?" అదే బొంగురు గొంతు. మా ఆరడుగుల డ్రైవర్ తరగతిలో పిల్లాడిలా చెయ్యెత్తాడు. ఆమె వాడి నడుము చుట్టూ చేతులేసి వదల్లేదు.

అప్పటికి రేడియో మళ్ళీ ఆగిపోయి ఉంది. డ్రైవర్ సౌండ్ పెంచి చూశాడు. ఈసారి లేవలేదు. వారం తర్వాత వెళ్ళి చూస్తే కరిగిన తీగలూ, పడిపోయిన స్తంభమూ మిగిలాయి. టిఫిన్ బాక్సంత పెట్టె జాడే లేదు. యంత్రం కోసం ఏడుస్తారా అని మా ఆయన నవ్వాడు. ఏడుస్తారు.

ఇంటికొచ్చాను. బట్టలు మూడుసార్లు ఉతికినా పొగ వాసన పోలేదు. తర్వాత ఏడాదికి గార్డ్ వదిలేశాను. స్క్రిప్ట్ నా దగ్గరుంది, రికార్డింగూ ఉంది. సార్జెంట్ ఇప్పటికీ కుస్తీ నేర్పుతున్నాడు. డ్రైవర్ రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేసి, "అక్కా, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు, అమ్మాయి లేపుతుందా అని అమ్మ అడుగుతోంది," అని నవ్విస్తాడు.

నన్ను వదలనిది మాత్రం ఒకటుంది. కొండ దిగిన మర్నాటి పొద్దున. దగ్గర ఊరి స్కూలు ఆటల హాల్లో మమ్మల్నీ క్రూనీ కలిపి పడుకోబెట్టారు. నేల మీద వరసగా మనుషులు, బూట్లు కూడా విప్పకుండా. పైకిటికీల్లోంచి అప్పుడే వెలుగు వస్తోంది. డ్రైవర్ ఫోన్ మోగింది. వాడు కళ్ళు మూసుకునే చెవిన పెట్టుకున్నాడు.

"లేచానమ్మా, లేచాను."

రెండు వరసల అవతల క్రూ బాస్ గాఢనిద్రలో ఉంది. ఆమె చెయ్యి నేల మీద తడుముకుంటూ వెళ్ళి, పక్కనున్న రేడియోని పట్టుకుంది. ఆఫ్ చేసి ఉన్న రేడియో. బొటనవేలు బటన్ నొక్కింది.

"కాపీ, రిడ్జ్," అంది. కళ్ళు తెరవలేదు.