తాళాల తాత తీసిన జడలు

తాళాల తాత స్టూడియోలో పిల్లలెవరూ ఎక్కువసేపు ఏడ్చేవాళ్ళు కాదు. కెమెరా పైన తాళాల గుత్తి గలగలలాడించేవాడు. పిల్ల కళ్ళెత్తగానే ఊపిరి బిగబట్టి నొక్కేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క ఫోటో అదరలేదు.

ఆ రోజు బడిలోని ఓ మసక గదిలో సైన్యం వాళ్ళు పిల్లలకి మందులు పంచుతున్నారు. ఫోటోలు తీయడానికి తాతని జీపులో తీసుకొచ్చారు.

"మందు తీసుకున్న ప్రతి పిల్ల ముఖమూ కనపడాలి. పేపర్లకి పంపాలి," అన్నాడు కెప్టెన్.

తాత కెమెరాని గట్టిగా అదిమి పట్టుకున్నాడు. సైన్యం ముందు చెయ్యి చాపినవాళ్ళ పని పడతామని కొండమీది తుపాకులవాళ్ళు మొన్ననే గోడల మీద రాసి వెళ్ళారు. పేపర్లో ముఖం పడితే ఇల్లెక్కడని అడిగే పని కూడా ఉండదు.

వరసలో మేనకోడలుంది, జ్వరంతో కాలిపోతున్న నాలుగేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని.

"మామయ్యా, నా పెళ్ళిలో అన్నీ కళ్ళు మూసుకున్న ఫోటోలే తీశావుగా. ఆ విద్య ఇవాళ చూపించు," అంది మెల్లగా. అంటూనే కూతుర్ని ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"ఏడుస్తూ కూర్చుంటే నేనేం చేసేదే?" అన్నాడు తాత.

ఈసారి తాళాలు పక్కకి చెయ్యి చాపి ఆడించాడు. గలగలకి పిల్లలంతా అటే తల తిప్పారు. ముఖం చాటయ్యాకే నొక్కాడు. పదకొండు మంది అలా గట్టెక్కారు.

కెప్టెన్ వచ్చి కెమెరా తెర చూశాడు.

"ఏం పెద్దాయనా, అన్నీ జడలేనా? జడలకి మందిచ్చామని చెప్పుకోవాలా?"

సైనికులు పకపకా నవ్వారు. కెప్టెన్ తాళాలు లాక్కుని తనే కెమెరా పైన ఆడించాడు.

ఎదురుగా మేనకోడలి కూతురు. తిన్నగా చూసింది. తాతని గుర్తుపట్టి నవ్వింది కూడా.

పొద్దుట్నుంచీ వణుకు చేతుల్లోకి దిగకుండా బిగబట్టుకున్న తాత, ఇప్పుడు ఊపిరి వదిలేశాడు. భయం భుజాల్లోంచి వేళ్ళదాకా పాకింది. ఆ మసక వెలుతురులో, కెమెరా ఊగుతుండగానే మీట నొక్కాడు.

తెర మీద ముఖం లేదు. అలుక్కుపోయిన మరకొకటి ఉంది.

కెప్టెన్ ఆ చేతులకేసి చూశాడు. "మందులిస్తుంటే ఇంత భయమేంటయ్యా?"

"మీరంటే కాదు సార్. మీరెళ్ళిపోయాక."

కెప్టెన్ కిటికీలోంచి బయటికి చూశాడు. గోడల మీది రాతలు ఆయనా చూసే ఉంటాడు. గుత్తి తాత జేబులో పడేసి, "సరే, జడలే తియ్యి," అన్నాడు.

సాయంత్రం జీపులు వెళ్ళిపోయాయి. స్టూడియో తలుపు ముందు నిలబడ్డ తాత ఎన్నిసార్లు ప్రయత్నించినా తాళం తీయలేకపోయాడు. చేతులింకా ఆగలేదు.